కందకం మీది పలక

ఓస్మండ్‌కి ఒక సుగుణం ఉంది: సలహాలు అడిగి ఎవరినీ ఇబ్బంది పెట్టడు. పాతకాలపు ఇళ్ల ఆనవాళ్లు తవ్వడం కూడా సొంతంగానే నేర్చుకున్నాడు. రోమన్ల కోటగోడ అనుకుని తవ్విందల్లా చివరికి ఎవరిదో పందులదొడ్డి అని తేలిన కథ, ఎవరూ అడక్కముందే తనే చెప్పి నవ్వేవాడు.

ఆ నవంబరులో ఇంగ్లండులోని సఫోక్‌లో, గ్యారడ్ అనే రైతు పొలంలో తవ్వకాలు సాగిస్తున్నాడు. ఏడొందల ఏళ్ల కిందట అక్కడ ఓ జమీందారు ఇల్లుండేది. ఇప్పుడు మిగిలింది చుట్టూ నల్లనీళ్ల కందకం, మధ్యలో గడ్డిదిబ్బ. దాటడానికి ఒకటే పలక.

"ఆఖరున వచ్చినవాళ్లు పలక ఇవతలికి లాగెయ్యాలి సారూ. మా తాత నాటినుంచీ అంతే," అన్నాడు గ్యారడ్.

"ఏం, నీ గొర్రెలు వెళ్లి తవ్వుతాయనా?"

"గొర్రెలు అటు పోవు సారూ."

ఓస్మండ్ నవ్వేశాడు. అతని భార్య బెరిల్ మాత్రం రోజూ మరవకుండా పలక లాగేది.

ఆరోజు టీ వేళకే వెలుగు చచ్చింది. కందకంలోంచి మంచు లేచి, కుళ్లిన ఆకుల వాసన మోసుకొచ్చింది. సామానంతా ఇవతలి గట్టుకి చేర్చాక ఓస్మండ్ జేబులు తడుముకున్నాడు.

"తాపీ గోతిలోనే మర్చిపోయా."

"రేపు తెచ్చుకోరాదూ? మంచు కమ్ముకొస్తోంది."

"అరిగి అరిగి నా చేతికి కుదిరిన తాపీ అది. పెళ్లాన్నైనా వదిలొస్తా గానీ..."

"తెలుసులే. పో."

పలక దాటి కుంటుకుంటూ వెళ్లి చూస్తే తాపీ గోతి గట్టున లేదు. అడుగున, మట్టిలో నిలువుగా గుచ్చి ఉంది. దిగి అందుకున్నాడు. పిడి వెచ్చగా ఉంది... ఎవరో ఇప్పుడే వదిలినట్టు.

పైకెక్కేసరికి పలక కిర్రుమంది. ఎవరో దాటుతున్నారు... బెరిల్ ఉన్న గట్టుకి.

"దొరికిందా?" బెరిల్ గొంతు.

"లేదు," అంది ఓస్మండ్ గొంతు. "నువ్వన్నట్టు రేపు చూద్దాం. పలక లాగేద్దామా?"

పలక గట్టుకి రాసుకుంటూ వెళ్లిపోయింది.

అరిచాడు. ఊపిరి వచ్చింది. శబ్దం రాలేదు. అంచుదాకా పరుగెత్తాడు. మంచులో బెరిల్ నడుస్తోంది. ఆమె భుజం మీద చెయ్యేసి, అతని కోటు... అతని టోపీ... అతని కుంటినడక.

"ఏంటివాళ, నా మాట వింటున్నావు?" బెరిల్ నవ్వింది. ఎన్నేళ్లయిందో ఆ నవ్వు విని. "ఎప్పుడూ ఇలాగే ఉండరాదూ?"

"ఉంటాను."

కారు తలుపులు పడ్డాయి. ఇంజను చప్పుడు పొలాల్లో కలిసిపోయింది.

కందకం పెద్ద వెడల్పేం కాదు. కానీ మొన్న లోతు చూద్దామని దించిన గడ, చేతికి అందకుండా మునిగిపోయింది.

వెనక గోతిలో ఏదో కదిలింది. తర్వాత ఇంకొకటి. తర్వాత చాలా...

"ఈత వచ్చా, అయ్యా?" ఒక గుసగుస. ఎంతో ఆశగా.

అతను తల అడ్డంగా ఊపాడు.

"మాకూ రాదు."

ఓస్మండ్ సొంతంగా ఎన్నో నేర్చుకున్నాడు. ఈత మాత్రం ఇంకా నేర్చుకోలేదు.