స్క్రీన్ దేనితో తుడవాలి?

రిజర్వాయర్ గేట్ల ఇన్‌స్పెక్టర్‌ని పట్టపగలు, సెలూన్ కుర్చీలో, సగం గడ్డం మీద నురగ ఉండగానే కాల్చేశారు. పర్సు ముట్టుకోలేదు. ఉంగరం ముట్టుకోలేదు. నడుముకి వేలాడుతున్న ఇటుకంత హ్యాండ్‌హెల్డ్ కంప్యూటర్ మాత్రం పట్టుకుపోయారు.

"బ్యాటరీ అయిపోవచ్చింది, ఛార్జర్ మర్చిపోయారు," అన్నాడు చీఫ్. "తొందరపాటు వెధవలు."

ఏజెంట్ నవ్వలేదు. ఆఫీసులో అందరూ అతన్ని ముక్కోపి అంటారు. మొహం మీద అనే ధైర్యం మాత్రం చీఫ్‌కి ఒక్కడికే ఉంది.

"ఆ డబ్బాతో ఏం చేస్తారు?"

"రిజర్వాయర్ మెయిన్ గేటు ఎత్తుతారు. కింద సొరంగం ఎండగట్టి రిపేర్ చేయిస్తున్నాం. అరవైమంది ఉన్నారు లోపల. బయటికి రమ్మని కబురు పెట్టాం, కానీ ట్రాలీ చెడిపోయింది. నడిచి బయటపడేసరికి సాయంత్రమవుతుంది."

"గేటుకి కరెంటు తీసెయ్యండి."

"తీసేస్తే దానంతటదే తెరుచుకుంటుంది. వరదొచ్చి కరెంటు పోతే కట్ట తెగకూడదని అలా కట్టారు మహానుభావులు."

"అరవైమందిలో మా అక్క ఉంది."

"తెలుసురా ముక్కోపీ. అందుకే నిన్ను పంపకూడదనుకున్నా. కానీ ఆ డబ్బా లోపలా బయటా తెలిసినవాడివి నువ్వొక్కడివే ఉన్నావ్."

అక్క అక్కడ వెల్డర్. తల్లి పోయాక వీణ్ణి చంకనేసుకుని పెంచింది. దేశం, డ్యూటీ, మెడల్స్ అన్నీ సరే. అక్కకేమైనా అయితే అవన్నీ తీసుకెళ్ళి కాల్వలో కలపాలి. ఏజెంట్ ఆ మాట పైకే అన్నాడు. చీఫ్ వినిపించుకోనట్టు ఫైలు తిప్పాడు.

బ్రీఫింగ్ పొట్టిగా సాగింది. విదేశీ ముఠా సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి మెకానిక్ కావాలంది. ఆ మెకానిక్ ఏజెంటే. బెల్ట్ బకిల్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది, అది దారి చూపిస్తే కమాండోలు వస్తారు. వెంట తీసుకెళ్ళే ఛార్జింగ్ క్రేడిల్‌లో, అంటే డబ్బాని కూర్చోబెట్టే స్టాండులో, చిప్ ఉంటుంది. హ్యాండ్‌హెల్డ్ దాంట్లో పది నిమిషాలు కూర్చుంటే లోపలున్నదంతా చెరిగిపోతుంది.

"లోపల మన మనిషి ఉన్నారు. 'స్క్రీన్ దేనితో తుడవాలి?' అని అడుగుతారు. 'మెత్తటి గుడ్డ, కాస్త తడి' అని నువ్వు జవాబివ్వాలి."

"ఎవరా మనిషి?"

"చెప్తే నువ్వు వెళ్ళవు," అన్నాడు చీఫ్.

కళ్ళకి గంతలు కట్టి వ్యాన్‌లో తీసుకెళ్ళారు. గంతలు విప్పేసరికి ఒక టైర్ల గోడౌన్ పైగది. గుమ్మం దగ్గర బండలాంటి గార్డు మెటల్ డిటెక్టర్ ఆడించాడు. అది కూసింది. బెల్ట్ లాగి కిటికీలోంచి కింద పోతున్న లారీలోకి విసిరేశాడు. దెబ్బకి కమాండోల ఆశ కాస్తా లారీ ఎక్కి ఊరు దాటిపోయింది. అతికించిన మీసంతో, అద్దెకి తెచ్చిన యూనిఫామ్‌తో, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని మన గూఢచారి గదిలో అడుగుపెట్టాడు.

బల్ల వెనక ముఠా నాయకుడు. నున్నటి బోడిగుండు, చేతిలో పిస్తోలు, ఒళ్ళో యూజర్ మాన్యువల్. పక్కన ఆకుపచ్చ సిల్కు గౌనులో ఒక ఆడమనిషి కాలి మీద కాలేసుకుని గోళ్ళ రంగు తుడుచుకుంటోంది.

ఆమెని చూడగానే ఏజెంట్ ఎడమ భుజం సలిపింది. సలపదూ మరి! పోయినేడాది వంతెన మీద ఆ భుజంలోకి తూటా దించింది ఈ మహాతల్లే. రెండు దేశాల జీతం తింటుందని అందరికీ తెలుసు. ఎవరికి పనిచేస్తుందో మాత్రం ఎవరికీ తెలీదు.

"ఏంటయ్యా అలా చూస్తావ్? పని చూడు," అన్నాడు బోడిగుండు.

హ్యాండ్‌హెల్డ్ స్క్రీన్ మీద గడ్డం నురగ ఎండి తెల్లగా అట్టకట్టింది. మధ్యలో ఎర్రటి చార. ఏజెంట్ దాన్ని చూసి పళ్ళు బిగించాడు. క్రేడిల్ బల్ల మీద పెట్టి డబ్బాని అందులోకి దించబోయాడు.

"ఆగు." పిస్తోలు గొట్టం మణికట్టుకి తగిలింది. "నలభై రెండో పేజీ. బ్యాటరీ విడిగా తీసి, క్రేడిల్ వెనకున్న స్పేర్ స్లాట్‌లో పెట్టి ఛార్జ్ చెయ్యొచ్చు. అలా చెయ్."

"డబ్బాతో సహా పెడితే త్వరగా ఎక్కుతుంది సార్."

"నాకు చదువొచ్చు. చెప్పింది చెయ్!"

చిప్ ప్లాన్ కూడా గోవిందా. ఏజెంట్ వెనక గొళ్ళాలు తిప్పి, బ్యాటరీ ఊడదీసి స్లాట్‌లో పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. అది పచ్చగా మారితే అక్క మీదికి నీళ్ళే. ఇక మిగిలింది లోపలున్న ఆ మనిషి ఒక్కరే. గార్డు వైపు ఆశగా చూశాడు. వాడు ముక్కు గోక్కున్నాడు.

"మెకానిక్ గారూ," అంది సిల్కు గౌను, గోళ్ళ మీంచి చూపు ఎత్తకుండా. "ఈ స్క్రీన్ దేనితో తుడవాలి?"

ఏజెంట్ ఒళ్ళు మండిపోయింది. ఇదా మన మనిషి? లేక అసలు మనిషిని పట్టుకుని, చావగొట్టి, కోడ్ మాట కక్కించారా? సరైన జవాబు చెప్పాక ఇది శత్రువని తేలితే వీడి ప్రాణం, అక్క ప్రాణం రెండూ దీని గుప్పిట్లోనే. చెప్పకపోతే ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

"చెవుడా? దేనితో తుడవాలీ అంటున్నా!"

"మీ చేతిలో ఉందిగా మేడమ్," అన్నాడు పళ్ళ మధ్యనుంచి. "నెయిల్ పాలిష్ రిమూవర్. బాగా పోసి రుద్దండి. అద్దంలా మెరిసిపోతుంది."

ఆమె చెయ్యి ఆగింది. కోడ్ తెలిసిన మనిషికి, అంటే స్క్రీన్ తుడిచే పద్ధతి తెలిసిన మనిషికి, ఇది ఆ స్క్రీన్ ప్రాణం తీసే మందు అని తెలిసే ఉంటుంది. శత్రువైతే ఇప్పుడే బోడిగుండుకి చెప్పేస్తుంది. మొదటిసారి ఆమె అతని కళ్ళలోకి చూసింది. ఆ చూపులో ప్రేమ లేదు, పాడూ లేదు.

"దీనికేమైనా అవుతుందా?" అని బోడిగుండుని అడిగింది.

"రెండో అంతస్తు మీంచి పడేసినా పగలదట. నీళ్ళలో ముంచినా పనిచేస్తుందట. నీ గోళ్ళ మందు దానికో లెక్కా? తుడువు!"

పాపం, బోడిగుండు వాడకం గురించిన పేజీలన్నీ కంఠతా పట్టాడు. నిర్వహణ అధ్యాయం చివర్లో ఎక్కడో ఉంటుంది. దాన్ని చదివే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఆమె సీసాలో సగం స్క్రీన్ మీద ఒంపి, చేతి రుమాలుతో అంట్లు తోమినట్టు తోమింది. నురగ పోయింది. నెత్తురు పోయింది. తళతళలాడింది. బోడిగుండు మురిసిపోయాడు.

లైటు పచ్చబడింది. బోడిగుండు తనే బ్యాటరీ లాక్కుని, బిగించి, ఆన్ చేశాడు. ఇన్‌స్పెక్టర్‌కి తెలీకుండా ముందే రాబట్టిన పిన్ కీప్యాడ్ మీద కొట్టాడు. మెయిన్ గేటు. పూర్తిగా ఎత్తు. అన్నీ బటన్లతోనే చకచకా అయిపోయాయి. చివరికి స్క్రీన్ మీద ఒక గడి వచ్చింది. ఆపరేటర్ సంతకం.

సంతకం బటన్లతో కుదరదు. బోడిగుండు స్టైలస్, అంటే స్క్రీన్ మీద రాసే పుల్ల, తీసి గీశాడు. గీత ఎక్కడో మూలన పడింది. స్క్రీన్ మీద తెల్లటి మసక పాకుతోంది.

"ఏమైంది దీనికి?"

"తెలీదు సార్."

"క్యాలిబ్రేషన్! గీత గురి సరిచెయ్యాలి, అరవయ్యో పేజీ!" తిట్టుకుంటూ సెట్టింగ్స్‌లోకి వెళ్ళాడు. నాలుగు మూలలా నాలుగు ప్లస్ గుర్తులు. ఒకటి నొక్కాడు, తీసుకుంది. రెండోది తీసుకుంది. మూడోది కూడా తీసుకుంది. దిక్కుమాలిన డబ్బా, ఎంత గట్టిగా చేశార్రా నిన్ను! నాలుగోది బలమంతా పెట్టి నొక్కాడు. అదీ తీసుకుంది.

సంతకం గడి మళ్ళీ వచ్చింది. స్టైలస్ ఆనించాడు. ఈసారి గీత సరైన చోటే మొదలైంది. ఏజెంట్ కళ్ళు మూసుకున్నాడు.

చర్ర్ మని చప్పుడు. మెత్తబడ్డ స్క్రీన్ పొర స్టైలస్‌తోపాటు పాల మీగడలా ముడుచుకుని లేచొచ్చింది. డబ్బా కుయ్యిమంది. సంతకం చెల్లదు.

బోడిగుండు పిస్తోలు ఎత్తేలోపే ఏజెంట్ ప్యాంటు వదిలేసి రెండు చేతులతోనూ హ్యాండ్‌హెల్డ్ లాక్కుని ఆ గుండు మీద ఒక్కటిచ్చుకున్నాడు. డబ్బాకి గీత కూడా పడలేదు. గుండు సంగతి అలా చెప్పలేం. గుమ్మం దగ్గర గార్డు అప్పటికే కింద పడున్నాడు. వాడి మెడ మీద హైహీల్ ఉంది.

"ప్యాంటు," అంది ఆమె.

"నోర్ముయ్. నా భుజం..."

"ఆ రోజు నా పక్కనున్నవాడు నీ గుండెకి గురిపెట్టాడు. వాడికంటే ముందు నేను భుజానికి కాల్చా. చచ్చావనుకుని వాడు తుపాకీ దించాడు. దండం పెట్టక్కర్లేదులే."

"పెట్టను."

"తెలుసు. చీఫ్ ముందే చెప్పాడు, వాడు మనిషి కాదు మిరపకాయ అని."

ఏజెంట్ ఆమె మాట వినే స్థితిలో లేడు. బోడిగుండు జేబులోంచి ఫోన్ లాగి, సొరంగం లైన్‌కి కొట్టాడు. రింగయింది. రింగయింది. ఎవరో ఎత్తి అక్కకిచ్చారు. ఆ గొంతు వినగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అక్కా! బానే ఉన్నావా?"

"ఏం బానే ఉండటం నా బొంద! ఎవడో దద్దమ్మ పని సగంలో ఆపి బయటికి నడవమన్నాడు. పొద్దున్నుంచీ ఒకటే నడక. నువ్వు ఖాళీగా తిరిగే బదులు ఓ క్యాన్ పట్టుకుని ఇటు తగలడు. చుక్క నీళ్ళు లేక చస్తున్నాంరా ఇక్కడ!"