మట్టిమొహం వెనక చేతులు

ఆదివారం పొద్దున్న లోవెల్ ప్రూయిట్ ఇంట్లో పాన్‌కేకులు ఆయనే వేస్తాడు. భార్య బెర్నిస్ ఆ ఒక్కపూట పొయ్యి దగ్గరికి రాదు. కుర్చీలో కాలుమీద కాలేసుకుని, అది మాడింది, ఇది ఉడకలేదు అని వంకలు పెడుతూ కాఫీ తాగుతుంది. లోవెల్‌కి అరవైమూడేళ్ళు. గుమ్మానికి అడ్డం నిలబడితే వంటింట్లోకి వెలుతురు రాదు. పిండిగిన్నె పట్టుకుంటే వేళ్ళ మధ్య గిన్నె కనపడదు. ఆ చేతుల్ని చూడ్డానికే ఒకప్పుడు జనం ఊరూరా హాళ్ళముందు బారులు తీరారు.

బెల్లు మోగింది. బెర్నిస్ కిటికీలోంచి తొంగి చూసింది.

"నీ భక్తులొచ్చారు. ఇద్దరు. ఒకడు అప్పుడే కాలరు గుండీ విప్పుకుంటున్నాడు."

"నేను పోయానని చెప్పు."

"పోయినవారం అదే చెప్పాను. పూలు తెచ్చారు."

ఆయన నవ్వలేదు. వెళ్ళి తలుపు తీసి, వాళ్ళ మొహంమీదే వేసి వచ్చాడు.

'మట్టిమొహం' సినిమాలు ఆరు. మాటాపలుకూ లేని హంతకుడు, మొహాన బూడిదరంగు ముసుగు, కత్తీ గొడ్డలీ ఏమీ లేవు, చేతులే. ఆ ముసుగు లోవెల్ మొహానికి అచ్చు తీసి చేసింది. మూడో సినిమాలో ఒక అమ్మాయి పీక నొక్కే దృశ్యం ఉంది. ఇరవైఏడేళ్ళుగా జనం ఆయన్ని వీధిలో ఆపి, "మమ్మల్ని కూడా అలాగే నొక్కండి, ఫొటో తీసుకుంటాం" అని నవ్వుతూ మెడలు చాపుతున్నారు. ఆయన ఒక్క మెడమీద కూడా చెయ్యి వెయ్యలేదు. ఆరో సినిమాతో ఒప్పందం తీరిన రోజున ఇంటికొచ్చి, ఆ పేరు ఇక ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాడు. షికాగోలో నాటకాల్లో రాజు వేషాలు కట్టినవాడు కదా, నామోషీ కాబోలు అనుకున్నారు అందరూ. ఆయన కాదనలేదు. అలా అనుకోవడమే నయమనిపించింది.

తొమ్మిదింటికి కూతురు కోరిన్ వచ్చింది. ఇరవైనాలుగేళ్ళది, నాలుగు వీధుల అవతల స్నేహితురాలితో ఉంటోంది, ఆదివారం ఫలహారానికి మాత్రం తప్పదు. బర్బాంక్‌లో జూన్ ఎండ అప్పటికే చుర్రుమంటోంది. అయినా మెడకి సిల్కు రుమాలు గట్టిగా చుట్టుకుంది.

"ఇదేం సింగారమే?" అంది బెర్నిస్.

"ఫ్యాషన్ అమ్మా. నీకు తెలీదులే."

"నాకు తెలీకపోతే మానె, నీ మెడకి చెమట తెలుస్తోంది."

కోరిన్ తేనె సీసా కోసం వంగింది. ముడి జారింది. పింగాణీ పళ్ళెం పట్టుకుని వస్తున్న లోవెల్ ఉన్నచోటే ఆగిపోయాడు. మెడకి ఇటు ఒకటి, అటు ఒకటి, బొటనవేళ్ళ ముద్రలు. నల్లగా కమిలి, అంచులు పసుపు తిరుగుతున్నాయి. ఏ ముద్ర ఎలా పడుతుందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పళ్ళెం బల్లమీద పెట్టాడు. మెట్లకింద అల్మారా తెరిచి బేస్‌బాల్ బ్యాటు తీశాడు.

"నీతో తిరిగే ఆ నోలన్ ఇల్లు పెట్రోలు బంకు వెనకే కదూ?"

"నాన్నా, ఆగు!"

"వాడి రెండు చేతులూ విరిచేసి వస్తాను. అప్పటిదాకా టిఫిన్ తింటూ ఉండండి."

"నోలన్ సాలీడుని కూడా కప్పు బోర్లించి బయట వదిలే రకం! వాడు కాదు!" కోరిన్ గుమ్మానికి అడ్డంపడి బ్యాటు పట్టుకుంది. ఆయన గుంజాడు. ఆమె వదల్లేదు. బ్యాటు కొస తగిలి గోడకున్న అద్దం భళ్ళున పగిలింది.

"మరెవడు?"

"నువ్వు!"

బెర్నిస్ కాఫీ ఒలికిపోయింది.

"నీ మొహం నాన్నా. నీ మొహం పెట్టుకున్నవాడు. శుక్రవారం రిహార్సల్లో."

ఇరవైయేళ్ళ తరవాత ఆ సినిమాల్ని మళ్ళీ తవ్వి తీస్తున్నారు. ఏడోది. లోవెల్ రానన్నాడు కాబట్టి ఆయన అచ్చుతోనే ముసుగు చేసి ఎవడో కొత్తవాడికి తొడిగారు. ఆ అచ్చు సినిమా కంపెనీది. ముప్ఫైరెండేళ్ళ వయసులో, అద్దె గదిలో, చదవకుండా పెట్టిన సంతకంలో ఆ సంగతీ ఉంది. ఇంతవరకు లోవెల్‌కి తెలుసు. ముసుగువాడి చేతుల్లో చచ్చే పిల్ల తన పిల్లేనని తెలియదు.

"సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడిగితే ఏం చేస్తావ్? ఇలాగే బ్యాటు తీస్తావ్!" కోరిన్ గొంతు పెరిగింది. "ఈ ఇల్లు ఎవడిచ్చాడు? నా చదువు ఎవడిచ్చాడు? ఆ మట్టిమొహమే! దాని కూడు తింటూ దానిమీదే ఉమ్ముతావ్. బళ్ళో పిల్లలంతా వాడికి జడుసుకుని పక్క తడిపేవాళ్ళు. నేను మాత్రం మా నాన్నే అని ధీమాగా పడుకునేదాన్ని. నీకేమో మమ్మల్ని చూస్తే సిగ్గు. నీకు కిరీటాలు కావాలి!"

"నోరు మూసుకో."

"మూసుకోను! నువ్వు ఆరు చేశావు. నేను ఒక్క మచ్చకి ఏడవాలా? తట్టాను, వాడికి వినపడలేదట, అంతే! ఆ మాత్రం ఓర్చుకోలేనా?"

'తట్టాను' అన్న మాట చెవినపడగానే లోవెల్‌కి ఒళ్ళు తెలియలేదు. బల్లమీద పళ్ళెం తీసి నేలకేసి కొట్టాడు. కూజా కొట్టాడు. కాలడ్డం వచ్చిన కుర్చీని తన్నితే అది వెళ్ళి అల్మారా తలుపుని చీల్చింది. కోరిన్ రెండు పిడికిళ్ళతో ఆయన గుండెలమీద బాదింది. "కొట్టు! పగలగొట్టు! నీకొచ్చింది అదేగా!" ఆయన ఆమె రెండు మణికట్లూ పట్టేశాడు. ఎంత గట్టిగా పట్టాడో ఆయనకి తెలియలేదు. ఆమె మొహం తెల్లబడింది.

"వదులు!" బెర్నిస్ కేక వీధికి వినపడి ఉంటుంది. "లోవెల్, దాని చేతులు చూడు. వదులు!"

ఆయన చూశాడు. వేడిపెనం ముట్టుకున్నట్టు వదిలేశాడు. వెనక్కి నడిచి, గోడ తగిలితే అక్కడే పెంకుల మధ్య కూలబడ్డాడు.

తరవాత ఆయన నేలకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"పీక నొక్కే సీనులో నొక్కేవాడి చేతుల్లో బలం ఉండకూడదు. అవతలివాళ్ళే వాడి మణికట్లు పట్టుకుని ఊగుతారు, గింజుకుంటారు, కళ్ళు తేలేస్తారు. పగ్గాలన్నీ వాళ్ళ దగ్గరే. నిజంగా నొప్పెడితే రెండుసార్లు తడతారు. తట్టగానే వదిలెయ్యాలి. నాటకాల్లో మాకు మొదటిరోజు నేర్పేది అదే."

"నాకూ నేర్పారు," అంది కోరిన్, మణికట్లు రుద్దుకుంటూ.

"మూడో సినిమాలో ఆ అమ్మాయి పేరు ఐవీ. ఇరవైరెండేళ్ళు. పాటలు పాడేది. రోజంతా ఆ ఒక్క షాటే తీశాం, ఏదీ బాగా రాలేదు. సాయంత్రం చివరిసారి... ఆ అమ్మాయి తట్టింది."

"ముసుగులో వినపడలేదా నీకు?" అంది బెర్నిస్.

"అందరికీ అదే చెప్పాను." లోవెల్ తలెత్తాడు. "తెలిసింది. నా మణికట్టుమీద తట్టింది, తెలియకుండా ఎలా ఉంటుంది? రెండుసార్లు తట్టింది. మళ్ళీ రెండుసార్లు. డైరెక్టరు ఆపమనలేదు. షాటు బ్రహ్మాండంగా వస్తోంది. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకున్నాను. లెక్కపెడితే నాలుగు సెకన్లు. చేతుల కింద ఏదో చితికినట్టయింది. వదిలేసరికి ఆ అమ్మాయి నోటినుంచి నెత్తురొచ్చింది. ఆ గొంతు మళ్ళీ రాలేదు."

కోరిన్ కుర్చీ అంచు పట్టుకుంది.

"ఆ నాలుగు సెకన్లూ సినిమాలో ఉన్నాయి. కొయ్యకుండా పెట్టారు. జనం చప్పట్లు కొట్టేది దానికే. ఆ అమ్మాయి అంత బాగా నటించిందని." ఆయన చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. "ఒప్పందం ఉందని ఇంకో మూడు చేశాను. మీరంటే నాకు సిగ్గేమిటే? వీధిలో మెడ చాపి నిలబడే ప్రతివాడూ నాకు ఐవీయే."

బెర్నిస్ పెంకుల మీదుగా నడిచి వచ్చింది. వంగి, చెయ్యి ఎత్తి, ఆయన చెంప పగలగొట్టింది. మళ్ళీ కొట్టింది.

"ఇరవైఆరేళ్ళ కాపురం. రాత్రుళ్ళు నిద్రలో 'తట్టకు, తట్టకు' అని ఏడిస్తే నేను నీ భుజం తడుతున్నందుకు కాబోలని చెయ్యి తీసేసేదాన్ని. ఒక్కసారి చెప్పావా?" అంటూనే కిందికి జారి, కొట్టిన చెంపనే గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

కోరిన్ మాత్రం ఏడవలేదు.

"ఎక్కడుంది ఆవిడ?"

"బేకర్స్‌ఫీల్డ్‌లో. నాలుగుసార్లు బయల్దేరాను. వాళ్ళ వీధి మొగలోంచే తిరిగొచ్చాను."

"రేపు ముగ్గురం వెళ్దాం. తలుపు మొహంమీద వేస్తే వేయించుకుందువు గాని."

ఆయన తలూపాడు. ఆ తరవాత, ఎన్నేళ్ళుగానో అనకూడదనుకున్న మాట అన్నాడు. "ఎల్లుండి కంపెనీకి ఫోన్ చేస్తాను. ముసుగు నేనే వేసుకుంటాను."

"నాన్నా, చచ్చినా వెయ్యనన్నావు."

"నువ్వు మానెయ్యవు. నాకు తెలుసు, నా మొండితనమే నీది. నీ మెడమీద వేరేవాడి చేతులు పడితే నేను బతకలేను. మొహం ఎలాగూ నాదే. చేతులు కూడా నావే ఉండనీ."

కోరిన్ వచ్చి పెంకులు పక్కకి నెట్టి ఆయన ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుంది. రుమాలు తీసేసింది. ఆయన రెండు చేతులూ పట్టుకుని, కమిలిన చోటు తప్పించి తన మెడకి ఇటూ అటూ పెట్టుకుంది.

"వద్దమ్మా."

"చెయ్యి నాన్నా. పగ్గాలు నా దగ్గరే కదా. తడతాను, వదిలెయ్యి."

కోరిన్ తట్టడానికి వేళ్ళు ఎత్తింది. ఆ వేళ్ళు ఆయన మణికట్టుని తాకనే లేదు, చేతులు మెడమీంచి ఎగిరిపోయి ఆయన మొహాన్నే కప్పుకున్నాయి. ఆ పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

కోరిన్ ఆ చేతుల్ని మెల్లగా విడదీసి తన తలని ఆయన గుండెకి ఆనించింది.

"ఏడవకు నాన్నా," అంది. "నేనింకా తట్టనే లేదు."