రేపటి కాగితం

ఉదయం 6.40. స్ప్లిట్‌రాక్ రేవు.

పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, కేక వినపడింది గానీ కేక వేసిన మనిషి కనపడలేదు.

"నీళ్లలో ఎవరో ఉన్నారు! రండి, ఎవరైనా రండి!"

ఆ గొంతు లియో టోబిన్‌ది. ఫెర్రీ రాగానే తాళ్లు అందుకుని కట్టే కుర్రాడు. టెర్మినల్ మేనేజర్ సిరిల్ హైన్స్ ఆఫీసులోంచి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి కొక్కెం కర్రతో మనిషిని ఒడ్డుకు లాగారు.

అంబ్రోస్ పార్డీ. అరవై దాటిన మనిషి. రేవులో టికెట్ మిషన్లు రెండూ ఆయన చేతి కిందవే. ప్రాణం అప్పటికే పోయింది.

మధ్యాహ్నానికల్లా దీవి మొత్తం తీర్పు చెప్పేసింది. మా న్యూఫౌండ్‌ల్యాండ్ వాళ్లకు తీర్పు చెప్పడానికి జడ్జీ అక్కర్లేదు, పొయ్యి మీద కెటిల్ ఉంటే చాలు.

దూకాడు.

చేతి గడియారం, పెళ్లి ఉంగరం తీసి వెయిటింగ్ రూమ్ కిటికీలో తన టీ మగ్గులో పెట్టి వెళ్లాడు. చొక్కా లోపల గుండె దగ్గర కాగితాల ముద్ద దొరికింది. ఉత్తరమే అయ్యుంటుందన్నారు. అంతకు ముందు సాయంత్రం కూతురుతో గొడవ పడ్డాడు, అది వీధంతా విన్నది. ఇంకేం కావాలి? పాపం, పోయిన పెళ్లాం దగ్గరికి వెళ్లిపోయాడన్నారు. టీలో డబ్బా పాలు కలుపుకుంటూ తలలు ఊపారు.

పోలీసు సార్జెంట్ లొరెట్టా కియో మధ్యాహ్నం ఫెర్రీలో దిగింది. యాభై ఏళ్ల మనిషి. నవ్వు తక్కువ, ఓపిక ఎక్కువ. ముందు రేవు చివరికి నడిచింది.

ఫెర్రీలోకి ఎక్కే ర్యాంపు పక్కనే రెండో టికెట్ మిషన్. దానికి ఎదురుగా రెండడుగుల్లో రేవు అంచు. ఫెర్రీ లేనప్పుడు ఆ అంచుకి అడ్డంగా నడుమెత్తున ఒక గొలుసు. కింద నల్లటి నీళ్లు.

"నువ్వు వచ్చేసరికి ఈ గొలుసు ఉందా?"

"ఉంది మేడమ్," అన్నాడు లియో.

"తగిలించే ఉందా?"

"తగిలించే ఉంది."

"అయితే పొరపాటున పడే వీల్లేదు."

"లేదు." కుర్రాడు తల దించుకున్నాడు. "కావాలని దాటితే తప్ప."

సిరిల్ హైన్స్ కూడా అదే చెప్పాడు. తను పరుగెత్తుకొచ్చేసరికి గొలుసు ఉందన్నాడు.

"మీకూ అంబ్రోస్‌కీ పడేది కాదటగా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలేదో అడగండి."

సిరిల్ మొహం ఎర్రబడింది. "వెయిటింగ్ రూమ్ పొయ్యి పక్కన టికెట్ కాగితం ఆరబెట్టేవాడండీ. నిప్పంటుకుంటే ఎవరిది పూచీ? వద్దన్నాను. అప్పట్నుంచి ఇంట్లో ఆరబెట్టుకుని తెచ్చేవాడు. అంతే గొడవ. దానికి మనిషిని నీళ్లలోకి తోస్తానా?"

"తోశారని నేను అన్నానా?"

కొండ మీద పచ్చ ఇల్లు అంబ్రోస్‌ది. వంటింట్లో అంబ్రోస్ కూతురు ఐలీన్ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. టికెట్ కౌంటర్ ఆమెదే. వేలికి లియో తొడిగిన ఉంగరం. సెప్టెంబర్‌లో పెళ్లి. ఎవరో తెచ్చిన, మొలాసిస్ అనే చెరకు పాకం కలిపిన రొట్టె ముట్టకుండానే ఎండిపోతోంది.

"గొడవ దేనికమ్మా?"

"కాగితం గురించి." ఐలీన్ రొట్టెని పక్కకి జరిపింది. "నమ్మరు కదూ? కాగితం గురించే."

"చెప్పు."

"టికెట్ల కాగితం మడతల కట్టగా వస్తుంది సార్జెంట్. మంచు తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బితే రెండేసి మడతలు ఒకేసారి రోలర్‌లోకి దూరి జామ్ అవుతుంది. అందుకే నాన్న రేపటి కట్టని ఈ రోజే పొయ్యి మీది అరలో పెడతాడు. పొద్దున అది చొక్కాలో దాచుకుని, ఒంటి వేడి తగిలేలా రేవుకి తీసుకెళ్లి, ఫెర్రీ వచ్చే ముందు వేస్తాడు. బయట మిషన్‌లో కట్టని రాత్రంతా వదలకూడదు. అది మా ఇంటి పదకొండో ఆజ్ఞ."

"మరి?"

"ఈ వారం పొద్దున పని నాది. నిన్న సాయంత్రం హాల్లో పేకాట పోటీ. నేనూ లియో వెళ్లాలి. పొద్దున్నే ఎవడు లేస్తాడని సాయంత్రమే గోడౌన్‌లోంచి కొత్త కట్ట తీసి బయట మిషన్‌లో వేసేశాను. నాన్నకి తెలిసింది. పొగమంచు దిగుతోంది, తీసెయ్యమ్మా అన్నాడు. నాకు ఒళ్లు మండింది."

"ఏమన్నావు?"

"నువ్వు పోయిన రోజు గానీ నాకు పొద్దున నిద్ర దొరకదు అన్నాను." రెండు చేతులతో మొహం కప్పుకుంది. "ఆ మాటే అన్నాను సార్జెంట్. కన్న తండ్రిని. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని అమ్మ అంటుండేది. రాత్రి వచ్చేసరికి నాన్న పడుకున్నాడు. పొద్దున లేచేసరికి లేడు."

"ఆయన ఏమీ అనలేదా?"

"కోపం వస్తే అరుస్తాడు నాన్న. నిన్న అరవలేదు. టోపీ తీసి మేకుకి తగిలించాడు, అంతే. నాకేదో ఉత్తరం రాశాడుట. అదీ తడిసి ముద్దైపోయింది. తిట్టాడో, క్షమించాడో... సముద్రం తుడిచేసింది. పరీక్షకి తీసుకెళ్లిన శవాన్ని రేపు తెస్తారు. ముందు గదిలో పెట్టి అందరూ రాత్రంతా చుట్టూ కూర్చుంటారు. నేను కూర్చోలేను. ఏ మొహం పెట్టుకుని కూర్చోను?"

లొరెట్టా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఓదార్పు మాటలు ఆమెకు చేతకావు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

సాయంత్రం ఫెర్రీకి తిరిగి వెళ్తూ, బయట మిషన్‌లో టికెట్ తీసుకుంది. టికెట్ ఫెళఫెళలాడుతూ వచ్చింది. ఫెర్రీలోకి నడిచే గ్యాంగ్‌వే సగం ఎక్కి ఆగింది. టికెట్‌ని వేళ్ల మధ్య వంచి చూసింది. వెనక్కి తిరిగి సిరిల్‌ని కేకేసింది.

"ఈ రోజు ఈ మిషన్ జామ్ అయిందా?"

"ఒక్కసారి కూడా లేదండీ. ఈ మంచులో వింతే!"

"కట్ట ఎవరైనా మార్చారా?"

"ఎవరు మారుస్తారు? మార్చే మనిషి పోయాడుగా."

మర్నాడు శవంతో పాటు లొరెట్టా కూడా మళ్లీ దిగింది. శవాన్ని కొండ మీది ఇంటికి మోశారు. ఐలీన్ మాత్రం ఇంట్లో లేదు. వెయిటింగ్ రూమ్‌లో ఒక మూల కూర్చుని ఉంది. లియో పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. సిరిల్ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

లొరెట్టా సంచిలోంచి అంబ్రోస్ మగ్గు తీసి బల్ల మీద పెట్టింది. లోపల గడియారం, ఉంగరం అలాగే ఉన్నాయి.

"ఐలీన్, ఒక సాయం చెయ్యి. ఈ లోపలి మిషన్ కూడా అదే రకమేగా? కట్ట ఎలా వేస్తారో చూపించు."

"ఇప్పుడెందుకు మేడమ్?" అన్నాడు లియో. "తన పరిస్థితి చూస్తున్నారుగా."

"చూస్తున్నాను. అందుకే అడుగుతున్నాను."

ఐలీన్ లేచింది. మనసు ఎక్కడో ఉంది, చేతులు మాత్రం పని ఎరిగినవి. తాళం తీసింది. చేతి గడియారం విప్పింది. వేలి ఉంగరం లాగింది. రెండూ పక్కనున్న మగ్గులో వేసింది. మిషన్‌లోకి చెయ్యి పెట్టబోయింది.

"ఆగు. ఇప్పుడేం చేశావు?"

"తాళం తీశాను."

"తర్వాత?"

"గడియారం, ఉంగరం తీశాను. లేకపోతే రోలర్ రబ్బరు గీసుకుపోతుంది. గీత పడిన చోట కాగితం పట్టుకుని జామ్..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఐలీన్ మగ్గులోకి చూసింది. తన గడియారం పక్కన నాన్న గడియారం. తన ఉంగరం పక్కన నాన్న ఉంగరం.

"అయ్యో," అంది. "అయ్యో, నాన్నా."

"చచ్చిపోదామని తియ్యలేదమ్మా. పని చేద్దామని తీశాడు," అంది లొరెట్టా. "ఇంత పాత అలవాటు కాబట్టే నీక్కూడా తట్టలేదు."

తర్వాత జేబులోంచి ఒక కవరు తీసింది. అందులోది బల్ల మీద పరిచింది.

"శవాన్ని పరీక్షించిన డాక్టర్ నాకిచ్చిన ముద్ద. మీ నాన్న పద్ధతే పాటించాను. రాత్రంతా మా పొయ్యి మీది అరలో పెట్టాను. తెల్లారేసరికి మడతలు విడిపోయాయి. ఇది ఉత్తరం కాదు. చూడు, అంచులకి చిల్లులున్నాయి. టికెట్ల కట్ట. నువ్వు వేసిన తడి కట్ట."

లొరెట్టా కట్టని ఐలీన్ వైపు జరిపింది.

"పొద్దున్నే లేచాడు. నిన్ను లేపలేదు. పొయ్యి మీది పొడి కట్టని చొక్కాలో దాచుకుని వచ్చాడు. తడి కట్ట తీసి పొడిది వేశాడు. నేను టికెట్ తీసుకున్నది దాంట్లోంచే. తడి దాన్ని పారెయ్యలేదు. చొక్కాలో పెట్టుకున్నాడు. ఎందుకు?"

"ఇంటికి తెచ్చి ఆరబెట్టడానికి," అంది ఐలీన్. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. "రేపటికి."

"రేపటికి కాగితం దాచుకున్న మనిషి ఈ రోజు దూకడు. జారింది ఆయన కాలమ్మా. నీ నోరు కాదు."

సిరిల్ గొంతు సవరించుకున్నాడు. "మరి గొలుసు, సార్జెంట్? దూకలేదంటే గొలుసు ఎలా దాటాడు?"

"దాటలేదు. ఐలీన్, మిషన్ తలుపు బిగుసుకుపోయి ఉంది, నిన్న చూశాను. మీ నాన్న ఎలా మూసేవాడు?"

"వెనక్కి ఆనుకుని, మోకాలితో నెట్టేవాడు."

"దేనికి ఆనుకుని?"

"గొలుసుకి. ఎప్పుడూ గొలుసుకే ఆనుకునేవాడు."

"ఆ రోజూ ఆనుకున్నాడు. మంచులో వెనక్కి చూసుకోలేదు. చూసుకోవాల్సిన అవసరం ఏముంది? ఎప్పుడూ ఉండే గొలుసే. ఆ పొద్దున అక్కడ లేదు. మీరొచ్చేసరికి ఉంది, సిరిల్. అంటే మధ్యలో ఎవరో తగిలించారు. మీకంటే ముందు అక్కడున్నది ఒక్కరే."

మూల కూర్చున్న లియో లేచి నిలబడ్డాడు.

"ఆఖరి ఫెర్రీ వెళ్లాక గొలుసు తగిలించడం ఎవరి పని, లియో?"

"నాదే." లియో నేలకేసి చూశాడు. "పేకాటకి టైమైపోయింది. ఐలీన్ హారన్ కొడుతోంది. పొద్దున తొందరగా వచ్చి తగిలిద్దాంలే అనుకున్నాను. వచ్చేసరికి... ఒట్టు, తగిలించాకే నీళ్లలోకి చూశాను... కాదు. ముందు చూశాను. తర్వాత తగిలించాను."

"ఎందుకు?"

"భయం వేసింది మేడమ్. ఉద్యోగం పోతుందని. ఐలీన్ నా మొహం చూడదని."

ఐలీన్ అతనివైపు తిరిగింది. అరవలేదు. ఆమెకూ తండ్రి పోలికే వచ్చినట్టుంది ఆ క్షణాన.

"నిన్న రాత్రంతా నా పక్కనే ఉన్నావు. నేనే చంపాను, నేనే చంపాను అని గోడకేసి తల కొట్టుకుంటుంటే నీళ్లు తాగించావు. ఏమన్నావు అప్పుడు?"

లియో ఆమెవైపు ఒక అడుగు వేశాడు.

"'ఆయన రాత అంతే' అన్నావు. గొలుసు మర్చిపోయావు, సరే. నేనూ కాగితం వేశాను. ఆ సాయంత్రం ఇద్దరిదీ ఒకటే తొందర. నా తప్పు నేను ఆ రోజే చెప్పుకున్నాను. నువ్వు నీ తప్పు కూడా తెచ్చి నా నెత్తినే పెట్టి, పక్కన కూర్చుని నీళ్లు తాగించావు."

"ఐలీన్, చెబుదామనే అనుకున్నా..."

"ఎప్పుడు? సెప్టెంబర్ తర్వాతా?"

సిరిల్ కిటికీవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. రేవు నియమాలన్నీ కంఠతా వచ్చిన మనిషి. ఆఖరి ఫెర్రీ వెళ్లాక గొలుసు చూసి రావడం తన బాధ్యత కూడా అని అప్పుడే గుర్తొచ్చింది. ఆ మాట పైకే అన్నాడు. లొరెట్టా అది కూడా రాసుకుంది.

ఐలీన్ మగ్గులో చెయ్యి పెట్టింది. నాన్న గడియారం తీసింది. నాన్న ఉంగరం తీసింది. తన గడియారం తీసి కట్టుకుంది. బల్ల మీది కాగితం కట్టని మడతల ప్రకారం జాగ్రత్తగా సర్ది, స్వెటర్ లోపల గుండెకి ఆనించుకుంది. తలుపువైపు నడిచింది.

"నీ ఉంగరం మర్చిపోయావు," అన్నాడు లియో, ఏడుస్తూ.

"మర్చిపోలేదు."

కొండ మీది ఇంటి ముందు గది నిండా మనుషులు. ఐలీన్ రాగానే మాటలు ఆగిపోయాయి. ఆమె ముందు వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీది అర తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినపడ్డాయి. తర్వాత వచ్చి శవపెట్టె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. తండ్రి చల్లటి వేలికి ఆయన ఉంగరం తొడిగింది. ఒకసారి వేలి కణుపు దగ్గర ఆగింది, మెల్లగా తిప్పి తోసింది. గడియారం కట్టి, చొక్కా చెయ్యి దాని మీదికి లాగింది.

గుమ్మంలో నిలబడ్డ లొరెట్టా టోపీ తీసేసింది.

ఐలీన్ తండ్రి చెవి దగ్గరికి వంగింది. చిన్నప్పుడు ఆయన ఆమెని నిద్రపుచ్చినంత మెల్లగా చెప్పింది.

"రేపటి కాగితం ఆరబెట్టాను నాన్నా. పొద్దున నేను లేస్తాను. నువ్వు పడుకో."