ముక్కు మీద కోపం

టీ గ్లాసులింకా కడగనేలేదు, కొడుకు వసారాలో నిలబడి ఫోన్లో అద్దె ఇల్లు మాట్లాడేస్తున్నాడు. "లేదండీ, మేమిద్దరమే వస్తాం. మా అమ్మ కాస్త ముక్కోపి. ఆవిడ రాదు."

ముందు గదిలో కుట్టుమిషను టక్కున ఆగింది. పెదాల మధ్య బిగించిన గుండుసూదులను తల్లి ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. సూదులు నోట్లో ఉన్నంతసేపే ఆ ఇంట్లో ప్రశాంతత అని వీధంతా చెప్పుకుంటుంది. చెప్పొద్దూ, అందులో అబద్ధమేం లేదు.

"ఏరా, ముక్కోపినా నేను? ఆ మాట ఎందుకొచ్చిందో తెలుసా నీకు?"

కొడుకు గబుక్కున ఫోను జేబులో వేసుకున్నాడు. గొడవంతా నిన్నటిది. బట్ట కోసే కత్తెరతో ఎవరో కాయితం కోశారు. పదును పోయింది. దర్జీకి అంతకన్నా అపచారం ఉంటుందా? కొలతలివ్వడానికొచ్చినవాళ్ళ ముందే ఆవిడ కోడలి మీద ఇంతెత్తున లేచింది. పాపం, ఆ పిల్ల కిక్కురుమనలేదు. అన్నం కూడా ముట్టలేదు.

"కోపమొస్తే ముందు ముక్కుపుటాలు అదురుతాయి. అందుకే ముక్కు మీద కోపం అన్నారు పెద్దలు. అక్కడే పుట్టి అక్కడే పోతుందిరా, మనసుదాకా దిగదు! నిన్న అరిచాను, కాసేపటికే మర్చిపోయాను."

"మీరు మర్చిపోయారు అత్తయ్యా. పడ్డవాళ్ళు మర్చిపోవద్దూ?" వంటింటి గుమ్మంలోకి వచ్చి అంది కోడలు. "మీ కోపం ముక్కు మీదుంటే, నాది కడుపులో ఉంది. ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ దాచుకుంటున్నా. అసలా కాయితం కోసింది నేను కాదు. మీ అబ్బాయే, పార్సిలు కట్టడానికి!"

కొడుకు మెల్లగా వీధి గుమ్మం వైపు జరిగాడు.

"మరి నిన్ననే చెప్పలేదేం?" కోడలిని అడిగింది అత్తగారు.

"మీరు ఆగితేగా చెప్పడానికి!"

అత్తగారి ముక్కుపుటాలు అదిరాయి. కొడుకు వైపు ఒక్క అడుగు వేసి, ఏమనుకుందో ఏమో, ఆగిపోయింది. అలాగే మిషను ముందు కూలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"తప్పు నాదేనమ్మా. పదిమందిలో అన్నాను, పదిమందిలోనే ఒప్పుకుంటాను. వెళ్తానంటే వెళ్ళు, కాదనను. కానీ ఇలా కడుపులో పెట్టుకుని మాత్రం వెళ్ళకు. తిట్టాలనుంటే తిట్టేసి వెళ్ళు."

కోడలు పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. "చాలా ఉన్నాయి అత్తయ్యా."

"ఉండనీ. ఇవాళ మిషను తొక్కను."

కోడలు మొదలుపెట్టింది. ఒకచోట అత్తగారు ఏడ్చింది, ఒకచోట వాదించింది, ఒకచోట ఇద్దరూ కలిసి అతగాడిని ఉతికి ఆరేశారు. మధ్యాహ్నం అద్దె ఇంటాయనకు ఫోను చేసింది కోడలే.

"మేం రావట్లేదండీ. మా అత్తగారితో ఇప్పుడిప్పుడే మాటలు మొదలయ్యాయి."