కుంటి బాతులో గంట మోగింది

మా గ్రిమ్‌బెక్‌లో చీకటి పడ్డాక 'కుంటి బాతు' గుమ్మం ముందు నుంచి ఎవరూ నడవరు. రోడ్డుకు అవతల మోకాలి లోతు బురదున్నా సరే, అటునుంచే పోతారు. అది మా ఊరి పబ్బు. దాన్ని నడిపిన ఎడ్నా పోయి ఆరేళ్లయింది. అప్పట్నుంచీ తాళమే. లోపల ఎవరో నిట్టూరుస్తారని, నేలమాళిగలో ఏవో దొర్లుతాయని చెప్పుకుంటారు. మా ఊరి కుక్కలు కూడా ఆ గోడ దగ్గర కాలెత్తవు.

అలాంటి పబ్బును మేం ఊరంతా కలిసి కొన్నాం. ఎవరో పట్నం వాళ్లు దాన్ని సెలవుల్లో వచ్చి ఉండే ఇళ్లుగా మార్చేస్తారని తెలిసి, మా మరిది హెర్బర్ట్ ఇల్లిల్లూ తిరిగాడు. "ఇదీ పోతే ఇక మనం చావులకు తప్ప కలవం వదినా," అన్నాడు. ఆ మాటకు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. వెంటనే వాటా కాగితం మీద సంతకం పెట్టాను.

తమాషా ఏమిటంటే, ఆ హెర్బర్ట్‌కే ఆ గుమ్మం తొక్కే హక్కు లేదు.

ముప్ఫై ఒక్కేళ్ల కిందటి సంగతి. మా పబ్బుల్లో మూసే వేళకు ఇత్తడి గంట రెండుసార్లు కొడతారు. అది విన్నాక ఎంతటివాడైనా గ్లాసు ఖాళీ చేసి లేవాల్సిందే. పక్క ఊరితో, గోడ మీది పలకకు చిన్న బాణాలు విసిరే పోటీ ఫైనల్, మావాళ్లు ఓడిపోయేలా ఉన్నారు. రాత్రి ఎనిమిదిన్నరకు మా మరిది మెల్లగా వెళ్లి గంట రెండుసార్లు కొట్టాడు. అంతే! అలవాటు కొద్దీ అందరూ తాగేసి, కోట్లు వేసుకుని వెళ్లిపోయారు. గెలవబోతున్నవాళ్లు కూడా. ఎడ్నా దీపాలార్పి, తాళం పెట్టి, పైనున్న తన గదికి మెట్లు సగం ఎక్కాక గడియారం చూసిందట.

మర్నాడు ఊరందరి ముందూ అనేసింది. "ఒరేయ్ హెర్బర్ట్, నేను నా చేత్తో ఆ గంట కొట్టి పిలిస్తే తప్ప ఇక్కడ అడుగు పెట్టావో, కాళ్లు విరగ్గొడతా!"

పిలవలేదు. పిలవకుండానే పోయింది. మేం పబ్బు కొన్నాక కూడా హెర్బర్ట్ లోపలికి రాలేదు. వానలో గొడుగేసుకుని కిటికీ బయట నిలబడి, సున్నం ఎక్కడ వెయ్యాలో, బల్ల ఎటు జరపాలో అరిచి చెప్పేవాడు. "చచ్చినావిడ కాళ్లెలా విరగ్గొడుతుందయ్యా?" అంటే, "నీకు ఎడ్నా సంగతి తెలీదు వదినా," అనేవాడు. నాకెందుకు తెలీదు, బాగా తెలుసు.

రేపు మధ్యాహ్నం తలుపులు తెరుస్తామనగా అందరం తలో పనీ ఇంటికి పట్టుకుపోయాం. ఒకరు తెరలు, ఒకరు గ్లాసులు. నా వంతు ఇత్తడి సామాను. నేలమాళిగలోకి నాలుగు బీరు పీపాలు దిగాయి. ప్రతి పీపా నెత్తినా చిన్న చెక్క మేకు దిగ్గొట్టి, ఒక రాత్రంతా దాన్ని ఊపిరి తీసుకోనివ్వాలి. లేకపోతే గ్లాసులోకి వచ్చేది బీరు కాదు, ఒట్టి నురుగు. ఊళ్లో ఆ విద్య తెలిసింది బీరు తయారీలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన హెర్బర్ట్‌కే. మాళిగ కిటికీలోంచి పాస్టర్ గారికి నేర్పాడు. ఆయన మొదటి మేకు కొట్టగానే బీరు జివ్వున మొహాన చిమ్మింది, వెనక్కి పడి చీలమండ బెణికించుకున్నారు. ఆయన్ని మోసుకుపోయారు.

ఇంకా మూడు పీపాలు. డిసెంబరు. నాలుగున్నరకే కారుచీకటి.

ఇక్కణ్నుంచి హెర్బర్ట్ చెప్పగా విన్నది...

తలుపు తీశాడు. గుమ్మం ఇవతలే ఆగాడు. లోపల కాటుకలా ఉంది.

"ఎడ్నా గారూ..." అని గుసగుసలాడాడు. "నేనండీ... హెర్బర్ట్‌ని..."

లోపల్నుంచి — "బుస్స్స్..."

పరిగెత్తుదామనుకున్నాడు. కానీ రేపు నాలుగూళ్ల వాళ్లొచ్చి గ్లాసులో నురుగు చూసి నవ్వుతారు. అతని మాట నమ్మి సంతకాలు పెట్టిన ముసలివాళ్లంతా మళ్లీ తలుపులేసుకుని టీవీల ముందు కూర్చుంటారు. మళ్లీ ఇంకోసారి ఎవరు నమ్ముతారు?

"ఆ రోజు చేసింది తప్పేనండీ..." అన్నాడు. "ఓడిపోవడం చూడలేక చేశాను. మీరుండగా చెప్పడానికి నోరు రాలేదు. ఒక్క పావుగంట రానివ్వండి... మీ పీపాల కోసం..."

చెవి రిక్కించాడు.

"బుస్స్స్..."

ఆ తర్వాత — చీకట్లో — బీరు పోసే బల్ల వెనక, గంట కొక్కెం వైపు నుంచి...

ఖంగ్!

ఒక్కసారే. రెండోది మోగలేదు.

హెర్బర్ట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏడుస్తూనే లోపలికెళ్లాడట, నా దగ్గర ఒప్పుకున్నాడు. మాళిగలోకి దిగి దీపం వేస్తే తెలిసింది, ఆ బుసలు పాస్టర్ గారు మేకు కొట్టిన పీపావి. మేకు సందులోంచి గాలి పోతోంది! తనలో తనే పడీపడీ నవ్వుకుని, మిగతా మూడూ కొట్టేసి, ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాడు.

మర్నాడు పబ్బు కిటకిటలాడింది. బీరు తేనె రంగులో తేటగా దిగింది. హెర్బర్ట్ బల్ల వెనక నిలబడి బీరు పోస్తూనే ఈ కథ పదిసార్లు చెప్పాడు. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు! బుస కొట్టింది బీరు!"

"మరి గంటో?" అని పాస్టర్ గారు కుర్చీ మీద కాలు చాపుకుని అడిగారు.

"తలుపు తీశాను కదండీ, గాలికి ఊగుంటుంది." అని పైకి చూశాడు. కొక్కేనికి గంట ధగధగలాడుతోంది. "ఏం వదినా, భలే మెరుస్తోందే! ఎప్పుడు తోమావు?"

నేను గ్లాసు బల్ల మీద పెట్టేశాను. దాన్ని ఆ పొద్దున్నే తెచ్చి తగిలించాను. ముందు రాత్రంతా అది మా వంటింటి బల్ల మీద బోర్లించి ఉంది. దాని నాలుక ఊడదీసి గిన్నెలో వెనిగర్‌లో నానేశాను.

చెప్తే హెర్బర్ట్ మళ్లీ గొడుగేసుకుని కిటికీ బయటే నిలబడతాడు. మా పీపాలెవరు చూస్తారు?

"పోయిన వారం," అన్నాను.

ఈ అబద్ధానికి దేవుడు నన్ను క్షమిస్తాడు. ఎడ్నా సంగతే తెలీదు.