ఆదివారం సాయంత్రం సీసాల చప్పుడు

ప్లీడరు మొహం చూడకుండా అర్జీ రాయగలగడం వెండెల్ స్ట్రూబేకి గర్వకారణమేమీ కాదు, ఊరికి తను చేస్తున్న సేవ. ఆ సంగతి ఊరికి తెలియదేమోనని అతనే అందరికీ చెబుతూ ఉండేవాడు. అలాంటి మనిషి రాసిన అర్జీల్లోకల్లా పెద్దది ఆ పాడు సందు గురించి.

అయోవాలో నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో, వెండెల్ పెరటి వెనక సందుకి మంచి పేరు లేదు. పాలు పోసే రూడీ క్రాంజ్ ఓ చలికాలం సాయంత్రం ఖాళీ సీసాల బుట్టతో అందులో జారిపడ్డాడు. మంచు కురుస్తూనే ఉంది... తెల్లారి చూస్తే సీసా ఒక్కటీ పగల్లేదు. మనిషే పోయాడు. అప్పట్నించీ చీకటి పడితే ఆ దారిన పోయినవాడు లేడు.

వెండెల్ అర్జీ పట్టుకు తిరుగుతున్న ఆ నవంబరులో, పక్కింటి గస్ పెట్రిక్ చెత్తడబ్బా బయట పెడదామని వెనక తలుపు తీశాడు. ఐదింటికే చిమ్మచీకటి. గాలి లేదు. కుక్క గడప దాటనంది.

టింగ్...

గస్ ఆగాడు.

టింగ్... టింగ్...

కంచె అవతల ఎవరో నడుస్తున్నారు. తొందరేమీ లేదు. రోజూ వచ్చే దారే అన్నట్టు — మెల్లగా.

"ఎవరది?" అన్నాడు గస్, తనకే వినపడనంత చిన్నగా.

చప్పుడు ఆగింది. ఆగి... మళ్లీ మొదలైంది. ఈసారి దగ్గరగా.

డబ్బా అక్కడే వదిలేసి గస్ ఇంట్లోకొచ్చి పడ్డాడు. పొద్దున్నే వచ్చి వెండెల్ అర్జీ మీద సంతకం చేశాడు.

అర్జీ ఏమిటంటే — ఎవరూ నడవని ఈ సందుని ఊరి దారుల్లోంచి కొట్టేసి, రెండు పక్కల ఇళ్లవాళ్లకీ చెరి సగం ఇచ్చేయమని. వెండెల్ భార్య లొరీన్‌కి మోకాళ్లు పోయాయి. పై గది నుంచి మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగుతోంది. కింద పడకగది కడదామంటే పెరట్లో చోటు చాలదు. సందులో సగం కలిస్తే ఆమె మంచం పడుతుంది.

"భోజనాల గదిలో వేస్తే పోలా? మనం తినేది వంటింట్లోనేగా," అంది లొరీన్.

"భోజనాల గది భోజనాలకి," అన్నాడు వెండెల్. అందులో ఆఖరిసారి ఎప్పుడు భోంచేశారో ఇద్దరికీ గుర్తులేదు.

మొదట్లో ఇరుగుపొరుగు ఎవరూ సంతకం పెట్టలేదు. ఉన్నదాన్ని కెలకడం ఎందుకయ్యా అన్నారు. అప్పుడు వెండెల్ రెండు పాత పాలసీసాలు పురికొసతో కట్టి, కోటు కింద వేలాడేసుకుని, చీకటి పడగానే సందులోకి వెళ్లడం మొదలెట్టాడు. దెయ్యాన్ని తను పుట్టించలేదు. ఉన్నదానికి కాస్త చేయూతనిచ్చాడు, అంతే.

"జలుబు చేసి నువ్వు మంచాన పడితే, నీ దెయ్యానికి సెలవా?" అనేది లొరీన్.

సంతకాలన్నీ వచ్చాయి — ఒక్కటి తప్ప. రూడీ భార్య ఒటీలీ క్రాంజ్ పెట్టనంది. అతను సీసాలు మోగించినప్పుడల్లా ఆ ముసలావిడ వంటింట్లో దీపం వెలిగేది. భయపడుతోంది, రేపోమాపో దారికొస్తుంది అనుకున్నాడు వెండెల్.

సందు రెండు కొసలా నోటీసు బోర్డులు పాతారు. విచారణ రోజు వచ్చింది.

"ఆ సందులో మనిషన్నవాడు నడవడు," అని వెండెల్ కౌన్సిల్ ముందు గట్టిగా చదివి కూర్చున్నాడు.

వెనక బెంచీలోంచి ఒటీలీ లేచింది.

"నడవరా? గస్, నువ్వు చెప్పు నాయనా. విన్నావా, లేదా?"

గస్ టోపీ నలుపుకున్నాడు. "విన్నానండి. రోజూ నడుస్తున్నాడండి." సంతకాలు పెట్టినవాళ్లంతా తలలూపారు.

"ఎవరు నడుస్తున్నారు?" అంది మేయరమ్మ.

అందరూ ఒటీలీ వంక చూశారు.

ఊరి తరఫు వకీలు గొంతు సవరించుకున్నాడు. "దారి వాడుకలో లేకపోతేనే మూయగలమండి. వాడేవాడు బతికుండాలని ఎక్కడా రాసిలేదు."

లొరీన్ మంచం చేజారిపోవడం వెండెల్ కళ్లారా చూశాడు. లేచి నిలబడ్డాడు.

"అది నేనే. కోటు కింద సీసాలు కట్టుకుని తిరిగింది నేనే. దెయ్యం లేదు, గియ్యం లేదు."

"రోజూనా?" అన్నాడు వకీలు.

"ఆదివారాలు తప్ప. ఆదివారం చర్చిలో భోజనాలు."

"అయితే మేయరుగారూ, ఆ దారిని అందరికన్నా ఎక్కువ వాడుతున్నది అర్జీదారే."

చేతులెత్తారు. అర్జీ కొట్టేశారు.

గుమ్మం దగ్గర ఒటీలీ కాచుకుని ఉంది. తిట్లు తినడానికి సిద్ధపడి వెండెల్ తల వంచుకున్నాడు.

"తప్పయిపోయింది, మిసెస్ క్రాంజ్."

"ఆదివారాలు నువ్వు రావన్నావు."

"రానండి."

"ఒక్క ఆదివారం కూడా?"

"ఒట్టు."

"అయితే సరే," అంది ఆవిడ. తలగుడ్డ కట్టుకుని, ఎవరో ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నట్టు చకచకా వెళ్లిపోయింది.

ఆ వారమే మంచాన్ని భోజనాల గదిలోకి దింపడానికి గస్ ఓ చెయ్యేశాడు. "నన్ను కుక్క కన్నా ముందు ఉరికించావు కదయ్యా," అని మాత్రం అన్నాడు. లొరీన్‌కి మెట్లతో పని తప్పింది. ఆమె గెలిచినట్టు ఒక్క మాటా అనలేదు. వెండెల్‌కి అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆదివారం మంచు కురిసి చర్చి భోజనాలు రద్దయ్యాయి. చీకటి పడింది. లొరీన్ కళ్లు మూసుకుని పడుకుంది. కిటికీ అవతలే సందు.

టింగ్...

"ఇంకా మానలేదా, వెండెల్?" అంది నిద్రమత్తులో.

టింగ్... టింగ్...

వెండెల్ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని మోకాళ్లకి మందు రాస్తున్నాడు.

లొరీన్ కళ్లు తెరిచింది. అతని చేతుల వంక చూసింది. రెండు చేతులూ ఆమె మోకాళ్ల మీదే ఉన్నాయి...

సందు అవతల, ఒటీలీ వంటింట్లో దీపం వెలిగింది.

ఊరి దారి మూయించాలంటే ఏమేం కావాలో వెండెల్ ఇప్పుడు ఎవరికైనా నేర్పగలడు, ప్లీడరు లేకుండానే. ఆదివారం చీకటి పడ్డాక చెత్తడబ్బా సందులో పెట్టి రావడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. సోమవారం పొద్దున్నే పెడుతున్నాడు.