నూరీకి రాని పాఠం

2083. ప్రొద్దుటూరు బడి ముందు పిల్లల్ని దింపిన గాలిరిక్షాలు ఎగిరిపోయాయి. చూపులేని పిల్లల తరగతిలో పన్నెండు వేలిపలకలు మేలుకున్నాయి.

వేలిపలక డాక్టర్ సమీర సృష్టి. పైకి మెత్తటి రబ్బరు పలక. లోపల ఆవగింజకన్నా చిన్నవైన వేల మైక్రో పంపులు. వేలు ఆనగానే ఒళ్లు గగుర్పొడిచినట్టు బ్రెయిలీ చుక్కలు పైకి లేస్తాయి. ‘ఏనుగు’ అని చదివితే పక్కనే ముడతల తొండం లేస్తుంది. తప్పు చదివితే పలకే మాట్లాడి సరిదిద్దుతుంది. అప్పటికీ రాకపోతే టీచర్‌ని పిలుస్తుంది.

పదకొండు మంది కథలు చదివేస్తున్నారు. ఏడేళ్ల నూరీ మాత్రం మొదటి పాఠం దాటలేదు. రోజూ మార్తమ్మ టీచర్ వచ్చి, పక్కన కూర్చుని, నూరీ వేలు పట్టుకుని చుక్కల మీద నడిపించాల్సిందే. మార్తమ్మకూ చూపు లేదు.

అందరికీ చదువొస్తే పలకల్ని ఉంచి టీచర్‌ని బదిలీ చేస్తామని అధికారి ముందే చెప్పాడు. ఇవాళే ఆయన ఫోన్ చేసే రోజు.

తరగతికి వచ్చిన సమీర నూరీ పలకను ఒళ్లోకి తీసుకుంది. “లోపం ఎక్కడుంది?”

“నాలో లేదు డాక్టర్,” అంది పలక. “తెలియని వేలు తడబడుతుంది. నూరీ వేలు ఎక్కడా తడబడలేదు. నోరే తప్పు చెబుతోంది.”

“ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?”

“మీరు తప్పులు లెక్కపెట్టమన్నారు. అబద్ధాల సంగతి చెప్పలేదు.”

సమీర నూరీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. “నీకు చదవడం వచ్చు కదూ?”

నూరీ పెదవి కొరుక్కుంది. “నాకొస్తే టీచరమ్మను పంపిచ్చేస్తారంట గదా! టీచరమ్మ చేతికి కూరకు తరిగిన ఎర్రగడ్డల వాసనొస్తాది మేడం. మీ పలకకు ఏ వాసనా రాదు.”

వెనక మార్తమ్మ గొంతు సవరించుకుంది.

“టీచర్, మీకు తెలుసా?”

“మొదటి దినమే తెలిసిందమ్మా. నేను నడిపించేలోపలే దీని వేలు పక్క అక్షరం మీదికి ఉరుకుతాండె.”

“మరి చెప్పలేదేం?”

మార్తమ్మ కొంగు సర్దుకుంది. “చెప్తే ఆ చెయ్యి నాకు దొరకదు కదమ్మా.”

అప్పుడే ఫోన్ మోగింది.

“కంగ్రాట్స్ చెప్పమంటారా డాక్టర్? పన్నెండు మందికీ వచ్చిందా?”

సమీర ఆ ఇద్దరి వైపూ చూసింది. నూరీ చేతిని మార్తమ్మ అప్పటికే గట్టిగా పట్టుకుని ఉంది.

“పన్నెండు మందికీ వచ్చింది సార్. పదమూడో మనిషికి రాలేదు. టీచర్ ఉండాలి.”

“పదమూడో మనిషా? ఎవరు?”

“నేనే సార్.”

అది నిజం. ఆ చుక్కల్ని తయారుచేసిన మనిషికి వాటిని కళ్లతో చదవడమే వచ్చు. వేలితో ఒక్క అక్షరం రాదు.

అవతల చిన్న నవ్వు. “నేర్చుకున్నాక ఫోన్ చెయ్యండి. బదిలీ సంగతి అప్పుడు చూద్దాం.”

సమీర నూరీ పక్కన బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంది. కళ్లు మూసుకుని వేలు చాచింది. మార్తమ్మ చెయ్యి వచ్చి దాన్ని అందుకుంది. నిజమే, ఎర్రగడ్డల వాసన.

నూరీ ఆమె చెవి దగ్గరికి వంగింది.

“గబగబా నేర్చుకోవాకు మేడం!”